రాతినార: మన బడి కప్పు చరిత్ర

గ్రూప్స్‌కో డీఎస్సీకో చదువుతున్న మన తమ్ముళ్లను, చెల్లెళ్లను అడిగి చూడండి: రాతినార ఎక్కడ దొరుకుతుంది? తడుముకోకుండా చెబుతారు, కడప జిల్లా పులివెందుల అని. ముగ్గురాళ్లకు మంగంపేట, రాతినారకు పులివెందుల. బిట్లు చదివే ప్రతివాడికీ కంఠతా వచ్చిన జంటలివి. అదే రాతినార తాను ఒకటో తరగతి చదివిన బడి కప్పులోనే ఉండి ఉంటుందని మాత్రం చాలామందికి తట్టదు.

రాతినార అంటే ఆస్బెస్టాస్. దాని గుణమంతా తెలుగు పేరులోనే ఉంది. పుట్టుకకు రాయే గాని, చేత్తో లాగితే జనుములా పీచు పీచుగా విడిపోతుంది. నిప్పుకు కాలదు, నీటికి కుళ్లదు, చెద పట్టదు. ఈ పీచును సుమారు పదో వంతు సిమెంటులో కలిపి, పల్చని పలకలు చేసి, అలలు తేలేలా ఒత్తి ఆరబెడితే మనం సిమెంటు రేకు అని పిలిచేది తయారవుతుంది. కొట్లో సిమెంటు రేకు అంటారు, బిల్లులో ఏసీ షీటు అని రాస్తారు. రెండు పేర్లలోనూ రాతినార కనబడదు. ఆ పేరు కనబడకపోవడం కూడా ఈ చరిత్రలో ఒక భాగమే అనుకుంటాను.

అసలు ఈ రేకు మన బడుల మీదికి ఎందుకు ఎక్కిందో ముందు న్యాయంగా చెప్పుకోవాలి. ఎవరో మోసం చేసి ఎక్కించింది కాదు. మనవాళ్లు కావాలని కోరుకున్నదే.

బుట్టాయగూడెం, పోలవరం వైపు కోయ, కొండరెడ్డి ఊళ్లలో ఇల్లంటే వెదురు తడికలు, మట్టి పూత, పైన గడ్డి గాని తాటాకు గాని. పల్లంలో ఎరుకల పేటలు, యానాదుల గుడిసెలు, కొల్లేటి లంకల్లో దిబ్బల మీద కట్టుకున్న ఇళ్లు, అన్నీ తాటాకే. తాటాకు చల్లన. డబ్బు పెట్టక్కర్లేదు, పదిమంది కలిస్తే ఒక్క పూటలో కప్పేయొచ్చు. అయితే రెండు మూడేళ్లకోసారి మార్చాలి. వానాకాలం కారుతుంది, తేళ్లు, పాములు చేరతాయి. అన్నిటికన్నా భయం నిప్పు. వేసవిలో ఒక్క పొయ్యి నుంచి నిప్పురవ్వ లేస్తే, గాలికి పేట మొత్తం బూడిద. బియ్యం, బట్టలు, పిల్లల పుస్తకాలు, కుల ధ్రువపత్రాలు అన్నీ పోయి కట్టుబట్టలతో రోడ్డున పడిన కుటుంబాల వార్తలు గోదావరి జిల్లాల పత్రికల్లో ఏటా వేసవిలో వచ్చేవి.

బడులూ అలాగే మొదలయ్యాయి. 1970ల్లో ఐటీడీఏలు వచ్చాక, మన వైపు కోట రామచంద్రపురం కేంద్రంగా, ఆశ్రమ పాఠశాలలకు భవనాలు రావడం మొదలైంది. కానీ గూడెంలో ఉండే చిన్న బడి చాలాకాలం పాకే. 1990ల్లో 'మాబడి' పేరుతో నడిచిన బడులకైతే ఊరివాళ్లే నీడ చూపించాలి, అప్పుడు పంతులొస్తాడు. వాన పడితే బడి లేదు. ఆ పాక మీద రేకులు పడ్డ రోజు ఊరికి పండగే. "మా బడి రేకుల బడి అయింది" అని గొప్పగా చెప్పుకున్న పెద్దలు ఇంకా ఉన్నారు. ఆ మాటను ఎగతాళి చేసే హక్కు మనకు లేదు.

ఇక 2004 జులై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒక బడి తాటాకు కప్పు అంటుకుని 94 మంది పిల్లలు చనిపోయారు. ఆ తర్వాత బడులకు తాటాకు కప్పు ఉండరాదన్న మాట దేశమంతటా బలపడింది. స్లాబుకు డబ్బు చాలని చోట తాటాకుకు బదులుగా చేతికి అందింది రేకే. కళ్ల ముందు కనబడే నిప్పు భయాన్ని తప్పించుకోవడానికి, కంటికి కనబడని దాన్ని నెత్తిన పెట్టుకున్నాం. అప్పట్లో అది తెలివైన పనిగానే అనిపించింది.

రేకు పుట్టుక గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 1901లో ఆస్ట్రియా దేశస్థుడు లుడ్విగ్ హాచెక్ సిమెంటును, రాతినారను కలిపి పలకలు చేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. శాశ్వతం అనే అర్థం వచ్చే లాటిన్ మాట నుంచి దానికి 'ఎటర్నిట్' అని పేరు పెట్టాడు. మన దేశంలో 1934లో మధ్యప్రదేశ్‌లోని కైమూర్‌లో ఫ్యాక్టరీ వచ్చింది. 1946లో హైదరాబాద్ ఆస్బెస్టాస్ సిమెంట్ ప్రొడక్ట్స్ అనే కంపెనీ పుట్టింది. దాని చార్మినార్ రేకులు తెలుగునాట ఎంత పాకాయంటే, ఊళ్లలో చార్మినార్ అంటే కట్టడం కన్నా ముందు రేకో, సిగరెట్టో గుర్తొచ్చేది.

దీని చెడు ఎప్పుడు తెలిసింది? రేకు మన ఊరికి రావడానికి చాలా ముందే తెలిసింది. ఇంగ్లండులో 1920ల్లోనే రాతినార మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్ల ఊపిరితిత్తులు గట్టిపడి చనిపోవడం డాక్టర్లు రాశారు. 1931లో అక్కడ ఫ్యాక్టరీల దుమ్ము మీద నిబంధనలు వచ్చాయి. 1960లో దక్షిణాఫ్రికా డాక్టరు వాగ్నర్, ఇంకో ఇద్దరితో కలిసి 33 మంది రోగుల వివరాలు అచ్చువేశాడు. అందరిదీ ఒకటే జబ్బు, మీసోథీలియోమా. ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకు వచ్చే క్యాన్సరు. వాళ్లలో కొందరు ఒక్కరోజు కూడా గనిలో పని చేసినవాళ్లు కారు. చిన్నప్పుడు గని పక్క ఊళ్లో పెరిగారు, అంతే. జబ్బు బయటపడేసరికి వాళ్లు నడివయసులో ఉన్నారు.

ఇక్కడ ఆగి ఒక ఆదివాసీ ఊరి గురించి చెప్పాలి. ఈ సంచికలో ఈ వ్యాసం ఉండటానికి అసలు కారణం ఆ ఊరే. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో బార్యుల్‌గిల్ అని చిన్న ఊరుంది. అక్కడివాళ్లు బుంజలుంగ్ ఆదివాసులు. 1944 నుంచి 1979 దాకా అక్కడ తెల్ల రాతినార గని నడిచింది. పనివాళ్లలో ఎక్కువమంది ఆ ఊరి ఆదివాసులే. తమ ఊళ్లోనే పని దొరికింది, తమ నేల విడిచి వెళ్లక్కర్లేదు అన్నది వాళ్ల సంతోషం. తండ్రులు ఒళ్లంతా తెల్లటి దుమ్ముతో ఇంటికొచ్చేవారు, పిల్లలు మీదెక్కి ఆడేవారు, ఆ బట్టలు తల్లులు ఉతికేవారు. గని నుంచి వచ్చిన వ్యర్థాన్ని మెత్తటి ఇసుకలా ఉందని ఊరి దారుల్లో పోశారు. బడి ఆటస్థలంలో కూడా పోశారు. పిల్లలు అందులో దొర్లి ఆడుకున్నారు. గని మూతపడ్డాక, 1984లో ఆస్ట్రేలియా పార్లమెంటు కమిటీ ఆ ఊరి పరిస్థితి మీద నివేదిక ఇచ్చింది. అదే దేశంలో విట్టెనూమ్ అనే చోట నీలి రాతినార గని 1966లోనే మూతపడినా, తవ్వి పోసిన లక్షల టన్నుల వ్యర్థం బంజిమా ఆదివాసుల నేల మీద ఇప్పటికీ అలాగే పడి ఉంది.

బార్యుల్‌గిల్ బడిని చదువుతుంటే నాకు మన తొక్కుడు బిళ్ల గుర్తొచ్చింది. పూర్వం పగిలిన కుండ పెంకుతో ఆడేవాళ్లం. రేకులు వచ్చాక పగిలిన రేకు ముక్క దానికి బాగా కుదిరింది. చదునుగా ఉంటుంది, దొర్లిపోదు. అంచులు గరుకు నేల మీద అరగదీసి గుండ్రంగా చేసుకుంటారు. ఆ అరగదీసినప్పుడు లేచే బూడిదరంగు పొడిలో ఏముందో ఆ వయసులో ఎవరికి తెలుస్తుంది?

ఇప్పుడు మన దేశానికి వద్దాం. 1986లో కేంద్రం రాతినార గనులకు కొత్త లీజులు ఆపేసింది. 1993లో పాత లీజుల పొడిగింపూ ఆపింది. అంటే మన నేలలోంచి తీయడం ప్రమాదమని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. కానీ బయటి నుంచి తెచ్చుకోవడం ఆగలేదు. ఈరోజు ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ రాతినార దిగుమతి చేసుకునేది మనమే. రష్యా, కజకస్తాన్, బ్రెజిల్ నుంచి. బ్రెజిల్ సుప్రీంకోర్టు 2017లో తమ దేశంలో దాన్ని నిషేధించింది, అయినా అక్కడి గని ఎగుమతి కోసం నడుస్తోంది. అంతకు ముందు కెనడా కూడా ఏళ్లతరబడి ఇదే వరస నడిపింది. తమ పిల్లలకు పనికిరానిది మన పిల్లలకు పనికొస్తుందనుకోవడం ఏం లెక్కో అర్థం కాదు. యాభైకి పైగా దేశాలు దీన్ని నిషేధించాయి. ఏ రంగు రాతినారైనా క్యాన్సర్ కారకమేనని, దీనివల్ల ఏటా ప్రపంచంలో రెండు లక్షలకు పైగా చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

మన న్యాయస్థానాల చరిత్రలో మాత్రం మనం తెలుసుకోవాల్సిన పేరొకటి ఉంది. సమత తీర్పు తెలియని గిరిజన యువకుడు ఉండడు. 1997 జులై 11న వచ్చిన ఆ తీర్పు, ఐదో షెడ్యూలు ప్రాంతంలో ప్రభుత్వం కూడా గిరిజనేతరులకు గనుల లీజు ఇవ్వకూడదని చెప్పింది. ఆ తీర్పు రాసినది జస్టిస్ కె. రామస్వామి. పశ్చిమ గోదావరి జిల్లాలో పుట్టి, భీమవరంలో చదివి, దళిత కుటుంబం నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లిన మనిషి. అంతకు రెండేళ్ల ముందు, 1995 జనవరి 27న, ఆయనే ఇంకో తీర్పు రాశారు. అది రాతినార కార్మికుల గురించి. కన్స్యూమర్ ఎడ్యుకేషన్ అండ్ రీసెర్చ్ సెంటర్ అనే సంస్థ వేసిన కేసు అది. కార్మికుడి ఆరోగ్యం రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని ఆ తీర్పు చెప్పింది. జబ్బు నిర్ధారణ అయిన కార్మికుడికి లక్ష రూపాయల పరిహారం ఇవ్వమంది. ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డునూ పనిలో చేరిన నాటి నుంచి 40 ఏళ్ల దాకా, లేదా రిటైరైన తర్వాత 15 ఏళ్ల దాకా, ఏది ఆలస్యమైతే అప్పటిదాకా దాచి ఉంచమంది. 2011లో నిషేధం కోరుతూ వచ్చిన మరో పిటిషన్‌ను సుప్రీంకోర్టు కొట్టేసింది, కానీ 1995 నాటి ఆదేశాలు అమలు చేయాల్సిందేనని మళ్లీ చెప్పింది.

40 ఏళ్ల రికార్డు ఎందుకు? ఎందుకంటే ఈ జబ్బుల తీరే అంత. రాతినార పీచు వెంట్రుక కన్నా ఎంతో సన్నం, కంటికి ఆనదు. పీల్చితే ఊపిరితిత్తుల లోతుకు పోతుంది. శరీరం దాన్ని కరిగించలేదు, పూర్తిగా బయటికి పంపలేదు. ఎక్కువకాలం ఎక్కువ దుమ్ము పీల్చితే ఊపిరితిత్తులు గట్టిపడతాయి. దాన్ని ఆస్బెస్టోసిస్ అంటారు. ఊపిరితిత్తుల క్యాన్సరు, మీసోథీలియోమా రావడానికి 20 నుంచి 50 ఏళ్లు పట్టొచ్చు. బీడీ, చుట్ట, సిగరెట్టు తాగేవాడికి ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఇంకెన్నో రెట్లు పెరుగుతుంది. ఆయాసం, దగ్గు చూసి క్షయ అనుకోవడం సులభం, ముఖ్యంగా క్షయ ఎక్కువగా ఉన్న మన ఏజెన్సీలో.

2020 డిసెంబరు మొదటి వారంలో ఏలూరులో ఏం జరిగిందో అందరికీ గుర్తుంది. జనం ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోయారు, కొద్ది రోజుల్లో ఆరు వందల మందికి పైగా ఆస్పత్రికి వచ్చారు. ఢిల్లీ ఎయిమ్స్ నుంచి, హైదరాబాద్ నుంచి శాస్త్రవేత్తలు దిగారు, రక్తంలో సీసం, నికెల్ కనబడ్డాయన్నారు. ఒక్కసారిగా వచ్చిన జబ్బు కాబట్టి దేశమంతా ఏలూరు వైపు చూసింది. అదే ఒక బడిలో చదివిన పిల్లల్లో ఒకరు నలభై ఏళ్ల తర్వాత హైదరాబాదులోనో, దుబాయిలోనో ఆయాసంతో ఆస్పత్రిలో చేరితే, ఆ బడి కప్పును ఎవరు గుర్తు చేసుకుంటారు?

పిల్లల విషయం వేరుగా చూడాల్సిందీ ఇందుకే. వాళ్ల ముందు ఎక్కువ ఆయుష్షు ఉంటుంది కాబట్టి జబ్బు ముదరడానికీ ఎక్కువ సమయం ఉంటుంది. 2013లో బ్రిటన్ నిపుణుల కమిటీ ఒకటి లెక్క కట్టింది. ఒకే మోతాదు పీచు ఐదేళ్ల వయసులో పీల్చిన బిడ్డకు, ముప్పై ఏళ్ల వయసులో పీల్చిన మనిషితో పోలిస్తే, జీవితకాలంలో మీసోథీలియోమా ముప్పు సుమారు 5.3 రెట్లు. అమెరికాలో 1986లోనే ప్రత్యేక చట్టం వచ్చింది. ప్రతి బడిలో రాతినార ఎక్కడుందో వెతికి, రాసిపెట్టి, మూడేళ్లకోసారి మళ్లీ చూడాలి. బ్రిటన్‌లో బడిలో చదివేటప్పుడు పీల్చిన దుమ్ము వల్ల జబ్బుపడిన ఒక మహిళకు పరిహారం ఇవ్వాల్సిందేనని 2011లో అక్కడి సుప్రీంకోర్టు ఖాయం చేసింది. అప్పటికి ఆమె చనిపోయి ఏడాది దాటింది. మన పక్కనే కేరళలో, 2009 జనవరి 31న రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ ప్రభుత్వ బడుల మీది ఆస్బెస్టాస్ రేకులు తీసేసి పెంకులు వేయాలని ఆదేశించింది.

ఇదంతా చదివి రేపే నిచ్చెన వేసి బడి రేకులు పీకేయకండి. ఎందుకో వివరంగా చెప్పాలి.

పగలని, బీటలివ్వని రేకులో పీచు సిమెంటుతో బిగుసుకుని ఉంటుంది. దాని కింద కూర్చుని పాఠం విన్నంత మాత్రాన పెద్ద ప్రమాదం లేదు. రేకును కోసినప్పుడు, డ్రిల్లు పెట్టినప్పుడు, సుత్తితో పగలగొట్టినప్పుడు, ఎండకూ వానకూ పైపొర అరిగి పొడి రాలుతున్నప్పుడు, పాకురు పట్టిందని పొడి చీపురుతో గీకినప్పుడు పీచు గాలిలోకి లేస్తుంది. అంటే బడిలో అన్నిటికన్నా ప్రమాదమైన రోజు మరమ్మతుల రోజే. ఫ్యాను బిగించడానికి రేకుకు బెజ్జం కొట్టిన రోజు. తుఫాను గాలికి రేకులు లేచి ముక్కలైన మర్నాడు. ఆ ముక్కలు ఎవరు ఏరతారు? "శ్రమదానం" అని పిల్లల్నే వరసలో నిలబెడతారు.

2019 నవంబరు 14న మొదలైన 'మన బడి నాడు-నేడు' తొలి విడతలోనే 15,715 బడులు చేపట్టారు. అలాంటి పని ఏ పేరుతో జరిగినా, దించిన పాత రేకు ఎటు పోతుందో మనకు తెలుసు. బాగున్నవి పశువుల పాక మీదికో, పందుల దొడ్డి మీదికో, స్నానాల దడికో వెళ్తాయి. కొల్లేటి చేపల చెరువుల గట్ల మీద కాపలా కాసే యానాది కుటుంబాలు పిల్లాపాపలతో ఉండేది చాలాచోట్ల రేకుల షెడ్లలోనే. పగిలినవి దారి గుంతల్లోకి, చెరువు గట్టు కోతల్లోకి. బండ్ల చక్రాల కింద అవి పిండి పిండి అవుతాయి. తాడేపల్లిగూడెంలో గాని ఏలూరులో గాని కూలికి వెళ్లి రేకులు దించే కుర్రాళ్లలో మనవాళ్లు ఉంటారు. మొహానికి తువ్వాలు చుట్టుకుంటారు, దానితో ఈ పీచు ఆగదు. ఆ చొక్కాతోనే ఇంటికెళ్లి బిడ్డను ఎత్తుకుంటారు. బార్యుల్‌గిల్ తండ్రులు చేసిందీ ఇదే.

కాబట్టి పని చేయాల్సి వస్తే ఇలా చేయాలి. ముందుగా అది ఏ రేకో చూడాలి. జింకు రేకు, రంగు రేకు ఇనుము, వాటిలో రాతినార లేదు. బూడిదరంగులో మందంగా, ఏళ్లతరబడి నల్లటి పాకురు పట్టిన సిమెంటు రేకైతే ఆస్బెస్టాస్ అనే అనుకోవాలి. ఇప్పుడు ఆస్బెస్టాస్ లేని సిమెంటు రేకులూ దొరుకుతున్నాయి, కొత్తవి కొనేటప్పుడు అడిగి, దాని మీద రాసింది చదివి తీసుకోండి. దించడం సెలవుల్లోనే జరగాలి, పిల్లలు దరిదాపుల్లో ఉండకూడదు. రేకును నీళ్లతో బాగా తడపాలి. బోల్టులు విప్పి, పగలకుండా మొత్తం రేకును కిందికి దించాలి, పైనుంచి విసరకూడదు. ముక్కలు తడిగా ఉండగానే ఏరి మందపాటి ప్లాస్టిక్‌లో చుట్టాలి. పొడి చీపురు వద్దు. సరైన దుమ్ము మాస్కు ఉండాలి. పని బట్టలు అక్కడే విప్పి, తడిపి, విడిగా ఉతకాలి. ఇప్పటికి మార్చలేని కప్పుకు రంగు పూయించి, కింద సీలింగు వేయించి, బెజ్జాలు కొట్టనివ్వకుండా కాపాడుకోవచ్చు. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రతి ప్రభుత్వ బడికీ తల్లిదండ్రులతో యాజమాన్య కమిటీ ఉంది. మరమ్మతు తీర్మానంలో "పాత రేకులు తడిపి, పగలకుండా దించి, చుట్టి అప్పగించాలి" అని ఒక్క వాక్యం రాయించగల అధికారం ఆ కమిటీలో కూర్చున్న మన అమ్మానాన్నలకు ఉంది.

జస్టిస్ రామస్వామి తీర్పు ఫ్యాక్టరీ కార్మికుడికి 40 ఏళ్ల రికార్డు ఇచ్చింది. గూడెం బడిలో చదివిన పిల్లకు, రేకులు దించిన కూలివాడికి అలాంటి రికార్డు లేదు. అది మన సంఘమే మొదలుపెట్టవచ్చు, పెద్ద ఖర్చు కూడా కాదు. ఒక్కో ఊరికి ఒక నోటుబుక్కు చాలు. బడికి రేకులు ఏ సంవత్సరం వేశారు, అంతకు ముందు ఏ కప్పు ఉండేది, ఏ తుఫానుకు లేచిపోయాయి, ఎవరు దించారు, ముక్కలు ఎక్కడ పోశారు, ఆ చోట ఇప్పుడు ఏముంది. ఈ ప్రశ్నలకు జవాబు ఆఫీసు ఫైళ్లలో దొరకడం కష్టం. ఆ రేకులు మోసి, బోల్టులు బిగించిన తాతలు, మామయ్యలకు మాత్రం తెలుసు. ముందు వాళ్ల దగ్గరికి వెళ్లండి, వాళ్లలో చాలామందికి ఇప్పటికే డెబ్బై దాటింది.